ప్రభు బల్ల దగ్గర సౌండ్ బాక్స్

ఇప్పుడే గుడి నుంచి, అదే మా చర్చి నుంచి వచ్చాను. చొక్కా కూడా మార్చుకోలేదు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి, కోపంలో టైప్ చేస్తున్నా.

అమ్మ పోయి ఏడాది. జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టిస్తున్నామని చెల్లి ఫోన్ చేస్తే రాత్రి బస్సెక్కి పొద్దున్నే ఒంగోల్లో దిగి, ఆటో పట్టుకుని ఊరికెళ్ళాను. నేను గుడి మెట్లెక్కి కూడా ఇంచుమించు ఏడాదే. ఈరోజు నెలలో మొదటి ఆదివారం కాబట్టి ప్రభు బల్ల, అంటే యేసు చివరి భోజనాన్ని తలుచుకునే ఆరాధన. చిన్న ప్లాస్టిక్ గ్లాసులో ద్రాక్షరసం, గోరంత రొట్టె ముక్క. "మౌనంగా మనల్ని మనం పరీక్షించుకుందాం" అన్నారు పాస్టరు అయ్యగారు. నేను నిజంగానే కళ్ళు మూసుకున్నా. చాలా రోజుల తర్వాత లోపల ఏదో కదిలింది. అమ్మ పక్కనే కూర్చున్నట్టు, ఆమె కొంగుకు కట్టిన చిల్లర మూట నా మోకాలికి తగిలినట్టు అనిపించింది.

సరిగ్గా అప్పుడు పుల్పిట్ పక్క నుంచి సినిమా హీరో గొంతు: "ఐదు వందల రూపాయలు అందాయి."

అవును. టీ కొట్లో ఉండే సౌండ్ బాక్సే. కానుకల బల్ల మీద, పూలగుత్తి పక్కన, క్యూఆర్ కోడ్ అట్టకు ఆనించి పెట్టారు. ఒకరు మొదలుపెడితే ఊరుకుంటారా? "రెండు వందల రూపాయలు అందాయి." "వెయ్యి రూపాయలు అందాయి." వెయ్యికి ముందు వరసలో ఎవరో "హల్లెలూయ" కూడా అన్నారు. ఆ వెంటనే "పది రూపాయలు అందాయి." అంతే, మౌన ప్రార్థనలో ఉన్న తలలన్నీ వెనక్కి తిరిగాయి. వెనక ఒక ముసలామె, మనవడి చేతిలో ఫోను. ఆమె తల ఇంకా కిందికి దించుకుంది. కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని చెప్పినాయన గుడిలో, మనమిచ్చేది బజారు దాకా వినపడాలి. బైబిల్లో ఉన్నదంతా, ఆ రెండు కాసులే, కానుకగా వేసిన ఆ విధవరాలు ఇప్పుడు మా గుడికొస్తే సిగ్గుతో చచ్చిపోయేది.

బయటికొచ్చాక ట్రెజరర్ అన్నను మర్యాదగానే అడిగాను. "ఆ డబ్బా సౌండు కాస్త తగ్గించొచ్చు కదా అన్నా, బల్ల దగ్గరన్నా."

"ఏడాదికోసారి వచ్చి నువ్వు మాకు చెప్తావా తమ్ముడూ? నీ పేరున పద్నాలుగు నెలల చందా బాకీ ఉంది. ముందు అది చూసుకో."

చూశారా! ఏడాదిగా నేను రావడం లేదని సంఘానికి బాగానే తెలుసన్నమాట. నెలలతో సహా లెక్కుంది. కానీ ఈ పద్నాలుగు నెలల్లో ఒక్కరంటే ఒక్కరు "ఏరా, ఏమైంది, బాగున్నావా?" అని ఫోన్ చేయలేదు. గ్రూపులో మాత్రం రోజూ నాలుగింటికల్లా గులాబీ పువ్వు మీద వాక్యం వస్తుంది.

అడిగినా ఏం చెప్పేవాణ్ణో! విశ్వాసం ఫలానా తేదీన పోయిందని చెప్పడానికి అదేం పర్సు కాదు కదా. ఒక ఆదివారం నిద్ర లేవలేదు. ఇంకో ఆదివారం వాన. తర్వాత అమ్మ ఆసుపత్రి. ఆ తర్వాత రాత్రి మోకరిస్తే, రింగవుతూనే ఉండి ఎవరూ ఎత్తని ఫోన్‌లా అయిపోయింది ప్రార్థన. నేను దేవుడు లేడనే బాపతు కాదు. ఆ ధైర్యం కూడా లేదు నాకు. ఉన్నాడేమో, ఇంట్లోనే ఉండి తలుపు తీయడం లేదేమో అనిపిస్తుంది, అది ఇంకా బాధ. ఈ ముక్క ఒకసారి సంఘ పెద్ద ఒకాయనతో చెప్పుకున్నా. "సాతాను శోధన బ్రదర్, మూడు రోజులు ఉపవాసం ఉండండి" అన్నాడు. ఉన్నాను. గ్యాస్ పట్టింది.

ఆగండాగండి, ఇది చదివి సంబరపడిపోతున్న పక్క మతం బ్రదర్స్‌కి ఒక మాట. కింద "గొర్రెలు", "బియ్యం మూటలు" అని కామెంట్ పెట్టడానికి వేళ్ళు దురద పెడుతుంటాయి, తెలుసు. కాస్త చరిత్ర చదివి పెట్టండి. 1876-78 కరువులో మా ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మా వాళ్ళకు పనిచ్చి కూలి ఇప్పించాడు. కూటి కోసం కలిశారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలే ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మానికి మునిగి లేచారు. మా ముత్తాత తండ్రి అందులో ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఊళ్ళో బావి దగ్గరికి రానివ్వని మనిషిని ఒకరు చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దించారంటే ఏంటో మీకు అర్థం కాదులెండి.

మా అయ్యగారు కూడా ఆ 2,222 గురించి ఏటా జూలైలో గొంతు చించుకుంటారు. అంతమందిని కలుపుకున్న సంఘం ఇప్పుడు ఒకణ్ణి పోగొట్టుకుంటే లెక్క చూసేది చందా పుస్తకంలోనే. 1854 జనవరి 1న తెల్లారకముందే, క్లౌ కంటే ముందొచ్చిన మిషనరీ జ్యూవెట్ దొర, ఇంకో నలుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఐదుగురే. మైకు లేదు, ఎల్ఈడీ స్క్రీన్ లేదు, యూట్యూబ్ లైవ్ లేదు. చిన్నప్పుడు నాన్న నన్ను చీకట్లో ఆ కొండ ఎక్కించాడు. కింద ఊరి లైట్లు చూపించి ఏమీ మాట్లాడలేదు. నేను చేసిన ప్రార్థనల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

నాన్న మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తా. ఇది ఇన్నేళ్ళూ ఎక్కడా రాయలేదు. నాన్న పోయిన రోజు పెట్టె సమాధుల తోట గేటు దాకా వెళ్ళాక తాళం తీయలేదు. బాకీ ఉందట. రెండేళ్ళు మంచంలో ఉన్న మనిషికి మూడు వేల ఆరు వందలు చందా బాకీ. ఎండలో పెట్టె కింద పెట్టి, మా బావ జేబులు తడుముకుని, పక్కవాళ్ళ దగ్గర అప్పు తీసుకుని కట్టాడు. అక్కడే, పెట్టె మూత మీద పుస్తకం పెట్టి రసీదు రాశారు. ఇప్పటికీ నా దగ్గరుంది. నీలం సిరా, నాన్న పేరు, పక్కన "బాకీ చెల్లు". ఆ తర్వాత గేటు తీశారు, గొయ్యి దగ్గర నిలబడి అప్పటి అయ్యగారు ఏం ప్రసంగించారో తెలుసా? మన అప్పంతా ప్రభువు సిలువ మీద తీర్చేశాడని! నవ్వొచ్చింది నాకు. తండ్రి గొయ్యి దగ్గర నవ్వాపుకున్న కొడుకుని నేను. నా విశ్వాసం పోయిన తేదీ వెతికితే బహుశా అదేనేమో.

అమ్మ మాత్రం మానలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుడి పేరున పిడికెడు బియ్యం తీసి డాల్డా డబ్బాలో వేసేది. నెలకోసారి స్త్రీల సమాజం వాళ్ళొచ్చి తీసుకెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు, బియ్యం వద్దంట, డబ్బులే కావాలంట. ఇందాక వంటింట్లోకి వెళ్తే ఆ డబ్బా నిండుగా ఉంది. చెల్లి ఇంకా వేస్తోంది. పురుగు పడితే చాటలో పోసి చెరిగి, మళ్ళీ అందులోనే పోస్తోంది. ఎవరికే ఇది అంటే, "అమ్మ వేసేది కదా అన్నయ్యా" అంది.

ఈ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి మా సంఘం గ్రూపులో వేసేవాళ్ళు వేసుకోండి. పద్నాలుగు నెలల చందా ఇప్పుడే పంపించా, గుడిలో ఎవరన్నా ఉంటే మోత విని ఉంటారు. ట్రెజరర్ అన్నా, నువ్వు కూడా చదువుతావని తెలుసు. నేనడిగింది ఆ సౌండు తగ్గించమని, అంతే.