‘అక్షరాలన్నీ వచ్చేదాకా పుస్తకం ఇవ్వొద్దు’ అన్న మెసేజ్‌కి నా జవాబు

రిటైర్డ్ హెడ్మాస్టర్ ఒకరు రాశారంటూ ‘చిన్నపిల్లల చదువుకు సూత్రాలు’ అనే మెసేజ్ ఈ వారంలో నాకు నలుగురు పంపారు. మా ఆడపడుచు పంపింది, తోటి టీచర్లిద్దరు పంపారు. చివరికి నా ఒకటో తరగతిలో చదివే పిల్లాడి తల్లి కూడా పంపి, "మేడమ్, మీరెందుకు ఇలా చేయించరు?" అని అడిగింది. అందుకే రాస్తున్నాను.

‘నానబెట్టిన బాదం తింటే అక్షరాలు మర్చిపోరు.’ బాదం మంచి తిండే. అక్షరాలతో దానికి సంబంధం లేదు.

‘నోట్‌బుక్ వద్దు, పలకే ముద్దు.’ రెండూ మంచివే.

‘56 అక్షరాలూ గుణింతాలూ పూర్తయ్యేదాకా పుస్తకం చేతికివ్వొద్దు.’ హల్లులకు పన్నెండేసి గుణింతాలు వేసుకున్నా నాలుగు వందలు దాటుతాయి. అన్ని నెలలూ పుస్తకం ముట్టుకోని పిల్ల చదువంటే ఏమనుకోవాలి? ఙ అనే అక్షరం వాఙ్మయం లాంటి మాటలో తప్ప ఆరేళ్ల పిల్ల కంటపడదు. దానికోసం కథల పుస్తకం ఆపాలా? ప, డ, వ, క, ల నేర్పి చూడండి. ఆ ఐదింటితోనే పడవ, పలక, కడవ, పడక, వల, కల, వడ, ఆఖరికి కడప కూడా చదివేస్తారు. చదవగలనని తెలిసిన పిల్ల మిగతా అక్షరాలు తనే అడుగుతుంది.

‘తప్పు రాస్తే చెరిపించి యాభైసార్లు రాయించాలి.’ నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

నా క్లాసులో ఓ పాప పిల్లి బొమ్మ గీసి, కింద ‘పిలి పాలు తాగిది’ అని రాసింది. పిల్లికి ఒత్తు లేదు, తాగిందికి సున్నా లేదు. కానీ ఆ పాప చేసిన పని చూడండి. తన మాట తనే అనుకుంది, దాన్ని ముక్కలుగా విన్నది, ఒక్కో శబ్దానికీ అక్షరం వెతుక్కుంది. ‘పాలు’లో దీర్ఘమూ కొమ్మూ సరిగ్గా పెట్టింది. పక్కనే ఒక బాబు బోర్డు మీది మూడు లైన్లూ ముత్యాల్లా ఎక్కించాడు. ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటి నాన్నా అంటే చెప్పలేకపోయాడు. ఈ ఇద్దరిలో రాయడం ఎవరికి వస్తోంది?

ఆ పాప చేత ‘పిల్లి’ యాభైసార్లు రాయిస్తే రేపటి నుంచి తప్పు రాదని గ్యారంటీ ఉన్న మాటలే రాస్తుంది. మూడో తరగతికి వచ్చేసరికి పేపర్ ఇవ్వగానే "నాకు రాదు టీచర్" అంటుంది. అలాంటి పిల్లల్ని ఏటా చూస్తున్నాను. నేను చేసింది ఇంతే: "పిలి, పిల్లి రెండూ మెల్లగా అను. నాలుక ఎక్కడ ఎక్కువసేపు ఆగింది?" అన్నాను. తనే కనుక్కుంది. ఒత్తు చూపించాను, ఒక్కసారి రాసింది. రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలు పెట్టడం చేతకాక పసిపిల్ల వేళ్లు నొప్పి పుట్టేదాకా రాయించడం శిక్ష. దయచేసి దాన్ని సూత్రమని పంచకండి.

‘ఎడమచేత్తో రాస్తే మాన్పించండి.’ వద్దు. పక్కవాళ్ల మోచేయి తగలకుండా బల్లకి ఎడమ చివర కూర్చోబెట్టండి, చాలు.

‘ఆటపాటల చదువు వచ్చాకే పిల్లలకు చదవడం రావట్లేదు.’ పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే లెక్కలు చూడండి. దేశంలోని పల్లెల ప్రభుత్వ బడుల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 20.9 శాతం. కరోనాకి బడులు మూతపడ్డాక 2022లో 16.3 శాతం. 2024లో 23.4 శాతం. పెరిగింది ఆటపాటల వల్లే అని నేను అనను. వాటివల్ల చెడిందనడానికి మాత్రం ఈ లెక్కల్లో ఆధారం లేదు.

ఒక్క విషయంలో ఆ పెద్దాయన మాటే నిజం. ‘గుణింతం నోటికి రావాలి’ అన్నారు. కథలు వింటూ, పుస్తకాలు తిరగేస్తూ ఉంటే అదే వస్తుందనుకుని నేను రెండేళ్లు గుణింతం వదిలేశాను. రాలేదు. రెండో తరగతికి వెళ్లిన నా పిల్లలు కె, కే దగ్గర, కొ, కో దగ్గర తడబడ్డారు. ఇప్పుడు రోజూ పొద్దున పది నిమిషాలు చప్పట్లు కొడుతూ గుణింతం అంటాం. వెంటనే కెరటం, కేక, కొడవలి, కోడి చదువుతాం. ఆ రెండేళ్లూ నా దగ్గర చదివిన పిల్లలకూ అలాగే నేర్పి ఉండాల్సింది.