సవరణ: అకిలీస్ మడమ కథ ఇలియడ్‌లో లేదు

గ్రీకు వీరుడు అకిలీస్ గురించి మొన్న రాసిన పోస్టులో, తల్లి థెటిస్ దేవత అతన్ని పసితనంలో స్టిక్స్ నదిలో ముంచిందనీ, దాంతో అతని ఒళ్లు ఏ ఆయుధానికీ లొంగనిదైందనీ, ఆమె పట్టుకున్న మడమ ఒక్కటే తడవక బలహీనంగా మిగిలిందనీ, ఇదంతా ట్రాయ్ యుద్ధం మీద గ్రీకు కవి హోమర్ చెప్పిన ఇలియడ్ కావ్యంలో ఉందనీ రాశాను. అది తప్పు. ఇలియడ్‌లో నదిలో ముంచడమూ లేదు, అకిలీస్ చావూ లేదు. అకిలీస్ చేతిలో చనిపోయిన ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ అంత్యక్రియలతోనే కావ్యం ముగుస్తుంది.

ముంచిన కథ మనకు దొరికిన రచనల్లో మొదట కనిపించేది క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ కవి స్టేషియస్ రాసిన అకిలీడ్ కావ్యంలో. అంటే హోమర్ తర్వాత ఎన్నో వందల ఏళ్లకు.

హోమర్ కావ్యంలోని అకిలీస్‌కి దెబ్బ తగిలితే నెత్తురొస్తుంది. ఇలియడ్ 21వ సర్గలో ట్రాయ్ పక్షపు యోధుడు ఆస్టెరోపయస్ అతని మీదికి రెండు చేతులతో ఒకేసారి రెండు ఈటెలు విసురుతాడు. ఒకటి డాలుకి తగిలి ఆగిపోతుంది. రెండోది కుడి మోచేతిని గీరుకుంటూ పోతే నల్లని నెత్తురు చిమ్ముతుంది. ఈ ఘట్టం మళ్లీ చదువుతుంటేనే నా పొరపాటు తెలిసింది. అయినా ఒళ్లంతా వజ్రకాయమే అయితే, కొడుక్కి కొత్త కవచం చేసిపెట్టమని థెటిస్ కమ్మరి దేవుడు హెఫెస్టస్ దగ్గరికి ఎందుకు వెళ్తుంది? చావు తప్పదని తెలిసి కూడా యుద్ధానికి దిగాడతను. నేను రాసిన మాట ఆ ధైర్యాన్ని తగ్గించేసింది, అదే ఎక్కువ బాధగా ఉంది.

పాత పోస్టులో ఆ పేరా మార్చాను.