ప్యాలెస్ కాదు బాబూ, పళ్ల మార్కెట్

మొన్న ఒక రీల్ చూశాను. హైదరాబాద్ మొజంజాహి మార్కెట్ ముందు నిలబడి ఒకబ్బాయి "నిజాం ప్యాలెస్ ఎంత బాగుందో చూడండి" అంటున్నాడు. ఒళ్లు మండింది.

అది 1935లో, ఏడో నిజాం కాలంలో కట్టిన బజారు. ఆయన రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. 1908 మూసీ వరద తర్వాత ఊరిని చక్కదిద్దడానికి పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించింది. పళ్లమ్ముకునేవాళ్లకి గ్రానైటు రాయి! రోడ్లు కలిసే మూలన గడియారం గోపురం, దాని వెనక రెండు రెక్కల్లా సాగిన కొట్ల వరసలు, మధ్యలో పెద్ద ఆవరణ. ఆ కమానులూ మందపాటి గోడలూ ఫోటోల కోసం కాదు కదా. మే నెల ఎండలో మామిడిపండుకి నీడ కావాలి, బండి లోపలికొచ్చి సరుకు దించాలి.

1980లలో పళ్ల హోల్‌సేల్ గడ్డిఅన్నారం వెళ్లిపోయింది. 2021లో అక్కణ్నుంచీ లేపి ఊరవతల బాటసింగారం పంపారు. పాత చోట ఆసుపత్రి అన్నారు. గడ్డిఅన్నారం షెడ్లు కూల్చినప్పుడు "వారసత్వం" అని ఎవరూ ఏడవలేదు. ఏడవడానికి అక్కడ ఏముంది, రేకులేగా? రైతుకి మంచి కట్టడం కట్టివ్వాలన్న ఆలోచనే మనకి ఎప్పుడో పోయింది.

2018లో మొదలుపెట్టి 2020 ఆగస్టుకల్లా మొజంజాహి మార్కెట్‌ని బాగుచేశారు. మంచి పని, కాదనను. అంతకుముందు ఎలా ఉండేదో చూసినవాణ్ని. రాయి తళతళలాడుతోంది, గడియారం తిరుగుతోంది. అత్తరు కొట్లున్నాయి, ఐస్‌క్రీమ్ కొట్ల దగ్గర జనం. (సీతాఫలం సీజన్లో ఆ క్యూలో నేనూ ఉంటాను, దాచేదేముంది.) కానీ పళ్ల కోసం కట్టినచోట ఒక వరసైనా తక్కువ అద్దెకి పళ్లవాళ్లకి ఇస్తే ఏం పోయేది?

పోయిన ఆదివారం మార్కెట్ గోడ పక్కన ఒక పెద్దావిడ తోపుడుబండి మీద జామకాయలు అమ్ముతోంది. ఎవరో వచ్చి "తీసెయ్యమ్మా, ఫోటోలకి అడ్డం" అన్నాడు. ఆవిడ ఏమీ అనకుండా బండిని రెండడుగులు ఎండలోకి నెట్టుకుంది. నేను కిలో కొన్నాను. ఉప్పూకారం అడిగితే చిన్న పొట్లం కట్టిచ్చింది.