ఆరేళ్ల పాపకు పైథాన్ ఎందుకు?

పోయిన నెల ఒక పుట్టినరోజు పార్టీలో మాటలు మళ్లీ అక్కడికే వచ్చాయి. "మీ పిల్లల్ని కోడింగ్‌లో వేశారా?" అని అడిగినావిడ కొడుక్కి ఆరేళ్లు. పైథాన్ అనే కోడింగ్ భాషలో వారానికి రెండు క్లాసులట. "ఇప్పుడే మొదలుపెట్టకపోతే వెనకబడిపోతాడేమోనని టెన్షన్ అండీ" అన్నారు.

ఆ టెన్షన్ నాకూ తెలుసు. మూడేళ్ల కిందట, మా పాపకు ఆరేళ్లప్పుడు, నేనూ అలాంటి ఆన్‌లైన్ క్లాసులో చేర్పించాను. టీచర్ చెప్పింది చెప్పినట్టు టైపు చేసేది. మూడో వారానికల్లా సర్టిఫికెట్ వచ్చింది. ఏం చేశావమ్మా అంటే మాత్రం చెప్పలేకపోయింది. మాన్పించేస్తే, ముందే కట్టిన ఏడాది ఫీజులో ఒక్క డాలరూ వెనక్కి రాలేదు. డబ్బు పోతే పోయింది. "నాకు కోడింగ్ రాదు నాన్నా" అని పాప తేల్చేసుకోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మనలో చాలామంది హైదరాబాద్‌లో కంప్యూటర్ కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ అమీర్‌పేట మీదుగా ఈ దేశానికి వచ్చినవాళ్లం. మైత్రీవనం చుట్టూ బోర్డులు చూసుకుంటూ, దేనికి డిమాండ్ ఉందో కనుక్కుని ఆ కోర్సులో చేరాం. ఆ చదువు మనకు అన్నం పెట్టింది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ అది డిగ్రీ చేతికొచ్చినవాళ్లు ఉద్యోగం కోసం చదివిన చదువు. దాన్నే పాలపళ్లు ఊడుతున్న పిల్లలకు పెడుతున్నాం. నేను అక్కడ నేర్చుకున్నది విజువల్ బేసిక్ 6 అనే ప్రోగ్రామింగ్ టూల్. 1998లో వచ్చిన ఆ టూల్‌కు 2008లో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. ఈ ఆరేళ్ల పిల్లాడు ఉద్యోగానికి వెళ్లడానికి ఇంకా పదహారేళ్లు పడుతుంది. మామూలు కోడ్‌ను ఏఐ ఇప్పటికే రాసిపెడుతోంది. ఉద్యోగం కోసమే అయితే ఈ వయసులో అంత తొందర అనవసరం.

అయినా పిల్లలకు కోడింగ్ నేర్పాలనే నేనంటాను. అది వేరే కోడింగ్. 1967లో సీమర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫర్జిగ్ అనే పరిశోధకులు కలిసి పిల్లల కోసం లోగో అనే భాష తయారుచేశారు. అందులో తెర మీది తాబేలుకు పిల్లలే దారి చెబుతారు, అది గీతలు గీస్తుంది. ఆ ఆలోచన నుంచే 2007లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ మీడియా ల్యాబ్ స్క్రాచ్‌ను తెచ్చింది. అందులో కోడ్ టైపు చేయక్కర్లేదు, రంగురంగుల బ్లాకులు పేరిస్తే చాలు. అయిదు నుంచి ఏడేళ్ల పిల్లలకు 2014లో స్క్రాచ్ జూనియర్ వచ్చింది, దానికి చదవడం కూడా రానక్కర్లేదు. రెండూ ఉచితమే.

ఈ వేసవిలో మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. పాప స్క్రాచ్‌లో ఆరు త్రికోణాల ముగ్గు వేద్దామని కూర్చుంది. ముందు ఒక త్రికోణం. మూడుసార్లు రిపీట్, ప్రతిసారీ వంద అడుగులు, 60 డిగ్రీలు తిరగాలి అని బ్లాకులు పేర్చింది. గీత కలవలేదు, బోర్లించిన గిన్నెలా మిగిలింది. 120 అని నా నాలుక చివరిదాకా వచ్చింది. అత్తయ్య నన్ను కళ్లతోనే ఆపారు. కార్పెట్ మీద మూడు దిండ్లు వేసి, "లేచి నువ్వే నడువు తల్లీ, ఎక్కడ ఎంత తిరుగుతున్నావో చూసుకో" అన్నారు. రెండో చుట్టులో పాప మూల దగ్గర ఆగిపోయింది. "అమ్మమ్మా, నేను దాదాపు వెనక్కి తిరిగిపోతున్నా!" పరుగున వెళ్లి 100 పెట్టింది, 110 పెట్టింది, 120కి గీత వచ్చి మొదటి చుక్కకు అతుక్కుంది. పిల్ల కేకకు పక్కగదిలో వాళ్ల అమ్మ ఫోన్ పెట్టేసి వచ్చింది. ఇరవై నిమిషాలు పట్టింది. నేను చెప్పేసి ఉంటే పది సెకన్లలో అయిపోయేది, పాపకు మిగిలేది ఏమీ ఉండేది కాదు.

పిల్లలను నడిచి చూడమనడం పాపర్ట్ కూడా చెప్పిన పద్ధతే. అత్తయ్యకు ఆయన పేరు తెలియదు, ముగ్గు తెలుసు. "7 చుక్కలు, సందు చుక్క 4 వరకు" అని ఆవిడ ఒక్క ముక్కలో చెబితే, ఎక్కడున్నవాళ్లయినా అవే 37 చుక్కలు పెడతారు. ప్రోగ్రామ్ అంటే అదే కదా!

అందుకే మన సంఘం వారిని ఒకటి అడుగుతున్నాను. వచ్చే సంక్రాంతి ముగ్గుల పోటీ పక్కనే పిల్లలు స్క్రాచ్‌లో ముగ్గులు వేయడానికి ఒక బల్ల వేయండి. ప్రతి పిల్లాడి పక్కన ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మమ్మో నానమ్మో కూర్చోవాలి. మార్కులు, సర్టిఫికెట్లు వద్దు. పిల్లలకు తప్పు వచ్చినప్పుడు తల్లిదండ్రులు మౌస్ పట్టుకోకూడదు, అది ఒక్కటే నియమం. పాత ల్యాప్‌టాప్‌లు రెండు నా దగ్గర ఉన్నాయి, తెస్తాను. ఇంకో నాలుగు కావాలి.