అబ్రాహాము ఎవరి పక్షం?

తమ్ముడు: రక్షణ విశ్వాసంతోనా, క్రియలతోనా అని ఇంకా వాదనెందుకన్నా, బైబిల్లో ఎఫెసీయులకు రాసిన ఉత్తరం రెండో అధ్యాయంలో అపొస్తలుడు పౌలు అంత తేటగా రాశాక? కృపచేతనే, విశ్వాసం ద్వారా రక్షణ. క్రియల వల్ల కాదు, ఎవడూ అతిశయపడడానికి లేదు.

అన్న: తొమ్మిదో వచనం దగ్గరే ఆగిపోతారేం అందరూ? సత్క్రియలు చేయడానికే సృష్టించబడ్డామని పదో వచనం. కొత్త నిబంధనలో ఉత్తరం రాసిన యాకోబైతే మొహమాటపడలేదు, క్రియల్లేని విశ్వాసం మృతమన్నాడు.

తమ్ముడు: యాకోబు రాసిన ఆ ఉత్తరాన్ని, ప్రొటెస్టంట్ ఉద్యమానికి నాంది పలికిన లూథర్ 1522లో గడ్డితో పోల్చాడు.

అన్న: పోల్చాడు. బైబిల్లోంచి తీసెయ్యలేదుగా!

తమ్ముడు: సరే, అబ్రాహాము సంగతి చూద్దాం. ఆదికాండం 15లో నమ్మాడు, అది నీతిగా ఎంచబడింది. సున్నతి వచ్చింది 17లో. రోమా నాలుగో అధ్యాయంలో పౌలు పట్టుకున్నది ఈ వరుసనే. అప్పటికి అబ్రాహాము చేసిందేముంది? నక్షత్రాలు చూడమంటే చూశాడు, చెప్పింది నమ్మాడు.

అన్న: అదే వచనాన్ని యాకోబూ ఎత్తుకున్నాడు. ఇస్సాకును బలిపీఠం మీద పెట్టినప్పుడు, అంటే 22వ అధ్యాయంలో, ఆ మాట నెరవేరిందన్నాడు. కట్టెలు పేర్చి, కొడుకును కట్టి, కత్తి పట్టుకున్నాడు. దేవుడు బలి ఇమ్మన్న మోరీయాకు వెళ్లకుండా గుడారంలో కూర్చుని ‘నమ్ముతున్నా ప్రభువా’ అనుంటే?

తమ్ముడు: అప్పుడు ఆ నమ్మకం మొదట్నుంచీ లేనట్టే. కాయ కాస్తే చెట్టుకు ప్రాణం రాదన్నా, ప్రాణముంటేనే కాస్తుంది.

అన్న: కాయని చెట్టును ఏం చేస్తారో కూడా సువార్తలో ఉంది.

(ఇక్కడ తమ్ముడు నిలబడాల్సింది. మాట మార్చాడు.)

తమ్ముడు: మరి యేసు పక్కన సిలువ మీది దొంగ ఏం చేశాడని పరదైసు దొరికింది?

అన్న: వాడికి గడువు లేదు, మనకుంది. మత్తయి సువార్త 25లో, తీర్పు రోజున ఎడమవైపు నిలబెట్టిన వాళ్లూ ‘ప్రభువా’ అనే పిలిచారు. క్రీస్తు అడిగింది ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టారా, చెరసాలలో ఉన్నవాణ్ణి చూడబోయారా అని.

తమ్ముడు: కుడివైపు వాళ్లకు తాము చేసిన సంగతే తెలీదు. ‘ఎప్పుడు చేశాం?’ అన్నారు. పుణ్యం లెక్కేసుకుని వచ్చినవాళ్లు కారు.

అన్న: లెక్కేసుకోమని ఎవరన్నారు? 1547లో కాథలిక్కుల ట్రెంట్ మహాసభ, కృప లేకుండా సొంత క్రియలతో నీతిమంతుడు కావచ్చనేవాణ్ణి కూడా శపించింది.

తమ్ముడు: విశ్వాసం ఒక్కటే చాలన్నవాణ్ణీ శపించింది. చివరికి 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కులు, లూథరన్లు కలిసి సంతకం పెట్టారు: కృపచేతనే, మన యోగ్యత వల్ల కాదని.

అన్న: సత్క్రియలు దాని ఫలమనీ అందులోనే ఉంది. ఆ క్రియలు నీతిని పెంచుతాయని ట్రెంట్ అంటే, చూపిస్తాయంతే అని మీ పక్షం వాళ్లంటారు.

తమ్ముడు: పెంచుతాయంటే, ఎంత పెరిగితే చాలో చెప్పన్నా.

అన్న: ఎంత నమ్మితే చాలో నువ్వు చెప్పు ముందు.