క్యూలో తెచ్చిన యూరియా ఎటు పోతోంది?

2025 ఖరీఫ్‌లో తెలంగాణ రైతులు యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టి మరీ నిలబడ్డారు. అలా తెచ్చుకున్న 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. అందులో సగం పంటకు అందితే గొప్పే. మిగతాది కొంత గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేట్‌గా మారి వాన నీటితో నేల అడుక్కి దిగుతుంది. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక ప్రకారం దేశంలో 440 జిల్లాల భూగర్భ జలాల్లో నైట్రేట్ సమస్య ఉంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. మురుగు, పేడదిబ్బల వాటా కూడా ఇందులో ఉందనుకోండి. బస్తాలు చాలలేదన్న గొడవ ఊరూరా వినిపించింది. వేసింది నేలలో ఎందుకు నిలవడం లేదన్న ప్రశ్న మాత్రం అంతగా వినపడలేదు.

వేసిన ఎరువును నేలలో నిలిపే జీవుల్లో వేరు బూజు ఒకటి. వ్యవసాయ అధికారులు దీన్నే వామ్ అనీ, మైకోరైజా అనీ అంటారు. ఇది వేరు కణాల్లో కాపురం పెట్టి మొక్క నుంచి చక్కెర, కొవ్వు తీసుకుంటుంది. బదులుగా వెంట్రుక కన్నా సన్నని పోగులను వేరు చేరలేని చోటికి పంపి భాస్వరం, జింకు, కొంత నత్రజని తెచ్చిపెడుతుంది. గట్టి వాన పడే నాటికే మొక్క పోషకాలను తీసేసుకుంటే కొట్టుకుపోవడానికి మిగిలేది తక్కువ. ఆ పోగులే మట్టి రేణువులను కూడగట్టి నేలను గుల్లగా ఉంచుతాయి.

ఈ బూజును వేరులోకి సరిగా రానివ్వని టమాటా రకం ఒకటుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు దాన్ని మామూలు టమాటాతో పోల్చి చూస్తే, బూజు పట్టిన మొక్కల మట్టి నుంచి నత్రజని తక్కువగా కారింది. అన్ని ప్రయోగాల్లో, ముఖ్యంగా నైట్రేట్ విషయంలో, ఫలితం ఇంత తేటగా రాలేదు. నీళ్లు నిలిచే వరి మడిలో ఈ బూజు అంతంతమాత్రమే. అందుకే 'యూరియా బదులు బూజు ప్యాకెట్' అన్న ప్రచారాన్ని మేం నమ్మం. బతికున్న వేరు లేకుండా పెరగని జీవి ఇది. ప్యాకెట్‌లో ఎంత ప్రాణం మిగిలిందో రైతు కంటితో చూసి చెప్పలేడు.

అసలు చెలకల్లో, ఎర్ర నేలల్లో ఉన్న బూజును మనమే తరిమేస్తున్నాం. ఏటా డీఏపీ కుమ్మరిస్తే భాస్వరం పేరుకుంటుంది, మొక్క బూజును దూరం పెడుతుంది. ఇంట్లో బియ్యం నిండుగా ఉంటే చేబదులుకు పక్కింటికి ఎవరు వెళ్తారు? మాటిమాటికీ దున్నితే పోగులు తెగుతాయి. పొలం నెలల తరబడి ఖాళీగా ఉంటే బూజు ఆకలితో చస్తుంది. క్యాబేజీ, ఆవాల వేళ్లలో ఇది దాదాపు చేరదు కాబట్టి వాటి తర్వాత మొక్కజొన్నో కందో వేయడం నయం.

ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్యంలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లుతున్నారు. ఎండాకాలంలోనూ నేలలో వేరు బతికి ఉంటుంది. దీనికి కావలసింది విత్తనాలూ కాస్త తడీ. తెలంగాణ ప్రభుత్వం కూడా రైళ్లలో వచ్చే యూరియా లెక్కతో పాటు ఈ విత్తనాల లెక్కా వేసుకోవాలని కోరుతున్నాం. భూసార కార్డులో 12 అంశాలున్నా నేలలోని జీవుల మాట లేదు, అది చేర్చాలి. అంతకన్నా ముందు, భాస్వరం ఎక్కువని కార్డులో వచ్చిన పొలానికి ఈసారి డీఏపీ వద్దని చెప్పే మనిషి ఊళ్లో ఉండాలి. ఇప్పుడు చాలా ఊళ్లలో ఎరువుల సలహా చెప్పేది ఎరువులు అమ్మే దుకాణదారే.