లాగాఫ్ అయితే గుండే

తిరుమల కల్యాణకట్టలో మొక్కుకున్నవాళ్ళకే గుండు కొడతారు. కొన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీల వర్చువల్ డెస్క్‌టాప్‌లో, అంటే ఎక్కడో సర్వర్లో నడుస్తూ మన తెరమీద కనిపించే కంప్యూటర్లో, ఆ పట్టింపేమీ లేదు. మొక్కున్నా లేకున్నా, సాయంత్రం లాగాఫ్ అయిన ప్రతివాడికీ గుండే. పొద్దున్నే మాస్టర్ ఇమేజ్ అనే అందరి ఉమ్మడి అచ్చు నుంచి నున్నటి విండోస్ ఒకటి పుట్టుకొస్తుంది. నిన్న ఎక్కించుకున్నవేవీ అందులో ఉండవు. దీన్ని నాన్ పర్సిస్టెంట్ అంటారు. భద్రతకు మంచిదట. నిజమే, పనిముట్లే లేనివాడి దగ్గర దొంగిలించడానికి ఏముంటుంది?

తిరుపతి కొర్లగుంటలో ఇంటినుంచి పనిచేసే కుర్రాడొకడు కోడ్ రాయడానికి జావా, నోడ్, వీఎస్ కోడ్ అనే ఎడిటర్ కావాలని హెల్ప్‌డెస్క్‌కు టికెట్, అదే అర్జీ, వేశాడు. సొంతంగా ఎక్కించుకోవడానికి అడ్మిన్ హక్కు వాడికి లేదు, ఉంటే దేశానికే ప్రమాదం. మేనేజరు, ఆయన పైమేనేజరు ఓకే అన్నాక హెల్ప్‌డెస్క్ మహానుభావుడు తెరమీదికి దిగాడు. మధ్యాహ్నమంతా కష్టపడి అన్నీ ఎక్కించి, అవి ఎక్కడున్నాయో విండోస్‌కు చెప్పే పాత్ కూడా సరిచేసి, "అయిపోయింది సార్, ఒకసారి లాగాఫ్ అయి లాగిన్ అవ్వండి" అన్నాడు.

అయ్యాడు.

"ఏమీ లేవు సార్."

"ఇప్పుడే కదా సార్ ఎక్కించాను?"

"మీరే కదా సార్ లాగాఫ్ అవమన్నారు?"

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత ఆయనే, "టికెట్ రిజాల్వ్డ్ అయిపోయింది సార్, కొత్తది వేయండి" అన్నాడు. వెనకాలే మెయిల్: మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు? వాడు ఐదూ ఇచ్చాడు. తక్కువిస్తే కారణం రాయాలి, కారణం రాస్తే మేనేజరు ఫోన్ చేస్తాడు.

పోనీ ఇది మందులేని రోగమా? అందరికీ కావలసిన టూల్స్‌ను ఆ మాస్టర్ ఇమేజ్‌లోనే పెట్టొచ్చు. ఎవరి సెట్టింగులు వాళ్ళ ప్రొఫైల్ డిస్క్‌లో దాచే ఎఫ్ఎస్‌లాజిక్స్‌ను మైక్రోసాఫ్ట్ 2018లోనే కొనేసింది. ఎడిటర్ మన దగ్గర, కోడ్ సర్వర్లో ఉంచి పనిచేసుకునే రిమోట్ ఎస్ఎస్‌హెచ్ సదుపాయం వీఎస్ కోడ్‌కు 2019లోనే వచ్చింది. అడిగితే "పరిశీలనలో ఉంది" అంటారు.

ఇంతా అయ్యాక ఆ కుర్రాడి అప్రైజల్లో 'వేగం తక్కువ' అని రాశారు చూడండి, నాకు అక్కడ మండింది. రోజూ పొద్దున నోడ్ మాడ్యూల్స్ అనే రెడీమేడ్ కోడ్ మూటలు మొదటినుంచీ దిగుతుంటే, ఆ వేలకొద్దీ చిన్న ఫైళ్ళను యాంటీవైరస్ ఒక్కొక్కటే వాసన చూస్తుంటే, వాడేం చేయాలయ్యా? ఆ గంటలు తిన్నది మీ డెస్క్‌టాప్. ఇంక్రిమెంట్ కోసింది వాడికి. అప్పు చేసి ఇంజనీరింగ్ చదివించిన తల్లిదండ్రులకు వాడేమని చెప్పుకోవాలి? సిగ్గుండాలి!

ఈ ఏర్పాటు ఖాయం చేసిన పెద్దమనిషి మాత్రం మామూలు ల్యాప్‌టాప్‌లోనే పనిచేస్తారు. వర్చువల్ డెస్క్‌టాప్ స్లోగా ఉందని ఫిర్యాదు చేసి, మినహాయింపు తెచ్చుకున్నారు.